పాత కారుకు ఏ ఆయిల్, ఏ కూలెంట్, ఎప్పుడు మార్చాలి
(పాత కార్ల యజమానులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మారుతీ 800, జెన్, ఎస్టీమ్, మొదటి ఆల్టో, పాత వ్యాగన్ ఆర్, శాంత్రో. ఈ పూట మాట్లాడుకునేది ఇలాంటి బండ్ల గురించి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రవాణా శాఖకు బండి చూపించి, ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా స్పేర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, పని తెలిసిన మెకానిక్కులూ ఉన్నారు. కాబట్టి వీటిని బాగా చూసుకుంటే ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. చూసుకోవడమంటే ముఖ్యంగా లోపల పోసే ఆయిళ్లు, కూలెంటు, బ్రేక్ ఆయిల్ సరైనవి పోసి, సమయానికి మార్చడమే.

సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఇన్ని వేల కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందు వస్తే అది. మనవాళ్లు ఇందులో కిలోమీటర్ల సంగతి పట్టించుకుంటారు, నెలల సంగతి వదిలేస్తారు. కొత్తలో ఏడాదికి పదిహేను వేలు తిరిగిన బండి ఇప్పుడు రైతుబజారుకీ, గుడికీ, పెళ్లిళ్లకీ కలిపి మూడు వేలు తిరగడం కష్టం. అలాంటి బండికి పది వేల కిలోమీటర్ల లెక్క చూసుకుంటే ఆయిల్ మూడేళ్లు లోపలే ఉండిపోతుంది. తక్కువ తిరిగే కారు పాడయ్యేది అరుగుదలతో కంటే నీటితో ఎక్కువ. రేడియేటర్‌లో మనం పోసే నీరు, ఇంజన్ ఆయిల్‌లో చేరే నీరు, బ్రేక్ ఆయిల్ గాలి నుంచి పీల్చుకునే నీరు, పెట్రోల్ ట్యాంకులో దిగే నీరు. కారు కదలకపోయినా నీటి పని ఆగదు. అందుకే పాత బండికి క్యాలెండర్ చూసి సర్వీసు చేయించమని నేను గట్టిగా చెబుతాను.

ముందు ఇంజన్ ఆయిల్ చూద్దాం. డబ్బా మీద రెండు సంగతులు చదవాలి, చిక్కదనం, నాణ్యత తరగతి. 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అని ఉండేది చిక్కదనం. డబ్ల్యూకి ముందున్న అంకె, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత త్వరగా కదులుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే అంత త్వరగా పైనున్న కామ్ షాఫ్టుకు (వాల్వులను తెరిచి మూసే ఇరుసుకు) చేరుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చిక్కదనాన్ని సెంటీస్టోక్ అనే కొలతలో చెబుతారు. ఆ వేడి దగ్గర 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

కార్బ్యురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించేది) ఉన్న మారుతీ 800, జెన్, ఎస్టీమ్ లాంటి ఇంజన్లకు మన ఎండల్లో 15డబ్ల్యూ-40 సరిగ్గా సరిపోతుంది. 10డబ్ల్యూ-40 దొరికితే అదీ మంచిదే. ఇప్పటి కార్లలో పోసే 0డబ్ల్యూ-20 గానీ, దానికంటే పల్చనివి గానీ వీటిలో పోయకండి. ఆ ఇంజన్ల బేరింగు సందులు వేరు, ఆయిల్ పంపు వేరు. అరిగిన పాత ఇంజన్‌లో పల్చటి ఆయిల్ పోస్తే, బాగా వేడెక్కాక ట్రాఫిక్‌లో ఐడిలింగ్ మీద ఉన్నప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటుంది. ఒత్తిడి పడిపోతోందని దానర్థం. ఇక 20డబ్ల్యూ-50ని రెండు సందర్భాల్లోనే వాడమంటాను. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరుకు మించి ఆయిల్ తాగుతున్నప్పుడు, లేదా రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల నడి వేసవిలో వేడి మీద ఆయిల్ లైటు వెలుగుతున్నప్పుడు. అలాంటప్పుడు కూడా ముందు ఒత్తిడిని గేజి పెట్టి కొలిపించండి. చిక్కటి ఆయిల్‌తో శబ్దం తగ్గుతుంది గానీ అరిగిన బేరింగు బాగుపడదు. 2008 తర్వాత మారుతీ తెచ్చిన కే-సిరీస్ ఇంజన్లకు ఇది వర్తించదు. వాటిలో టైమింగ్ చైను, సన్నటి ఆయిల్ దారులు ఉంటాయి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి.

నాణ్యత తరగతి అంటే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) పక్కన ఉండే రెండక్షరాలు. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోల్ ఇంజన్లకు, సి అయితే డీజిల్‌కు. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ ఆయిల్ కొత్త తరానిది. ఎస్ఎల్ 2001 నాటిది, ఎస్ఎన్ 2010 నాటిది, ఎస్పీ 2020 నాటిది. పాత బండికి ఎస్ఎల్ నుంచి పైకి ఏదైనా పనికొస్తుంది. ఇక్కడ చిన్న మెలిక ఉంది. జింకు, ఫాస్ఫరస్ కలిసిన రసాయనమే కామ్ షాఫ్టు, రాకర్ల మధ్య అరుగుదల ఆపేది. పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఉండాలని కొత్త తరగతుల్లో 30, అంతకంటే పల్చటి ఆయిళ్లకు ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు ఆ పరిమితి లేదు. పాత ఇంజన్‌కు 40 గ్రేడు నప్పడానికి ఇది మరో కారణం.

ఫ్యాక్టరీలో రసాయనంగా తయారుచేసే సింథటిక్ పోయాలా, ముడిచమురు శుద్ధి చేసి తీసే మినరల్ పోయాలా అంటే, మూడు వేల కిలోమీటర్లు తిరిగే బండికి మంచి కంపెనీ మినరల్ 15డబ్ల్యూ-40 పోసి ప్రతి ఏడాదీ మార్చడం మేలు. ఖరీదైన సింథటిక్ పోశాం కదా అని మూడేళ్లు ఉంచేయడం కీడు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్ లోంచి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతుంది. అరగంట, గంట నడిపితే ఆయిల్ వేడెక్కి ఆ నీరు ఆవిరైపోతుంది. రెండు కిలోమీటర్లు తిప్పి ఇంట్లో పెడితే లోపలే ఉండిపోయి, గంధకంతోనూ మసితోనూ కలిసి ఆమ్లమవుతుంది. ఎంత ఖరీదైన ఆయిల్ అయినా దీన్ని భరించేది కొంతకాలమే.

ఆయిల్ మార్చే పని ఇంట్లో చేసుకోవాలనుకునే వాళ్లకు కొన్ని మెలకువలు చెబుతాను. ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి. చెయ్యి కాలేంత వేడి వద్దు. చదును నేల మీద పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపాక స్టాండ్లు పెట్టండి. ఒక్క జాకీ మీదో ఇటుకల మీదో ఉన్న బండి కిందకు తల పెట్టకండి. డ్రెయిన్ బోల్టుకు సరిపోయే రింగు పానా గానీ సాకెట్ గానీ వాడండి, ఓపెన్ పానాతో అంచులు అరిగిపోతాయి. బోల్టు కింది వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. చాలా సుజుకి ఇంజన్లలో ఈ బోల్టు బిగింపు 35 న్యూటన్ మీటర్ల దగ్గర. కారుతుందేమోనని పొడుగు పైపు తగిలించి బిగిస్తే చాంబర్ మరలే పోతాయి. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కు అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ వేస్తే రెండు రబ్బర్ల మధ్యనుంచి రోడ్డు మీద ఆయిలంతా పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. కొత్త రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, రబ్బరు ఆనాక చేత్తోనే మరో ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

800 సీసీ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల లోపే పడుతుంది. రెండున్నర పోసి ఒక నిమిషం నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి, ఆయిల్ మట్టం చూపే గేజి కడ్డీ చూడండి. పై గుర్తుకు కాస్త కింద ఆపేయండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. క్రాంక్ షాఫ్టు ఆయిల్‌లో మునిగి నురగ లేస్తుంది, సీళ్ల మీద ఒత్తిడి పడి కారుతుంది.

బయటికొచ్చిన పాత ఆయిల్‌ను పారేసేముందు చూడండి. నల్లగా ఉంటే భయం లేదు, మసిని పట్టుకోవడమే దాని పని. పెట్రోల్ వాసన వస్తుంటే, లేదా నెల నెలకూ గేజి మీద మట్టం పెరుగుతుంటే ఆలోచించాలి. కార్బ్యురేటర్ బండిలో చోక్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఇంజన్ తిప్పే పెట్రోల్ పంపులో డయాఫ్రం చిరిగి పెట్రోలు లోపలికి దిగుతుండొచ్చు. అలాంటి బండిని అసలు నడపకండి, పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడదు. మెరిసే లోహపు పొడి కనిపిస్తే బేరింగు సంగతి చూడాలి. పాలరంగు నురగ ఆయిల్ మూత కింద మాత్రమే ఉండి, కూలెంట్ తగ్గకుండా ఉంటే అది తక్కువ దూరాల వల్ల పేరుకున్న తేమ. గంటసేపు హైవే మీద నడిపితే పోతుంది. గేజి మీద కూడా పాలరంగు ఉండి, రేడియేటర్‌లో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే ప్యాకింగ్) పోయినట్టు.

(సభలో ఒకరు: సార్, ఆయిల్ మార్చేటప్పుడు ఫ్లషింగ్ అని లోపల మందు పోసి కడిగిస్తే ఇంజన్ శుభ్రపడుతుందంటున్నారు. చేయించమంటారా?)

మంచి ప్రశ్న అండీ. ఎప్పుడూ సమయానికి ఆయిల్ మార్చిన బండికి దాని అవసరమే లేదు. ఏళ్ల తరబడి మార్చని బండికి అది ప్రమాదం. లోపల పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి, చాంబర్ అడుగున పంపు పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. పైకి ఆయిల్ వెళ్లదు. మీరు సెకండ్ హ్యాండ్ బండి కొని, ఆయిల్ మూత కింద మడ్డి చూశారనుకోండి. మామూలు మినరల్ ఆయిల్ పోసి వెయ్యి కిలోమీటర్లకు ఆయిలూ ఫిల్టరూ మార్చండి, తర్వాత రెండు వేలకు మళ్లీ మార్చండి. నిదానంగా కరిగి ఫిల్టర్‌లో చేరుతుంది. మడ్డి మరీ గట్టిగా ఉంటే చాంబర్ దించి జల్లెడ కడిగించాలి, అంతకంటే దగ్గరి దారి లేదు.

ఇంకొక చిన్న వస్తువు చాలామంది మెకానిక్కులు కూడా మర్చిపోతారు. పీసీవీ వాల్వు. ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి లోపలికి పీల్పించి కాల్పించేది అదే. మడ్డి పట్టి మూసుకుపోతే చాంబర్‌లో ఒత్తిడి పెరిగి, ముందు క్రాంక్ సీలు, పైన వాల్వ్ కవర్ ప్యాకింగ్, పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ రింగు, అన్నిచోట్లా కారడం మొదలవుతుంది. సీళ్లన్నీ మార్చినా కారుతోందని బాధపడేవాళ్లు ముందు ఆ వాల్వు విప్పి ఊపి చూడాలి. లోపల గలగలమనాలి. శబ్దం లేకపోతే కార్బ్యురేటర్ క్లీనర్‌తో కడగండి, లేదా మార్చేయండి. సీళ్లతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

ఇక కూలెంటు. మన రెండు రాష్ట్రాల్లో పాత కార్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చాలా బండ్లలో ఉండేది బోరు నీళ్లు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలిన చోట గట్టి పొరగా పేరుకుంటాయి, వాటర్ హీటర్ కాయిల్‌కు తెల్లగా పట్టినట్టే. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. రేడియేటర్ గొట్టాలు సన్నబడతాయి. క్లోరైడ్లు అల్యూమినియం హెడ్డును గుంతలు పడేలా తినేస్తాయి. నీరు తుప్పురంగుకు తిరిగిందంటే లోపల ఇనుప బ్లాకు తుప్పు పడుతున్నట్టు. ఇలాంటి బండి ఒక మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. అల్యూమినియం హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. ఆ ఖర్చు పదేళ్ల కూలెంటు ఖర్చు కంటే ఎక్కువ.

చలికి గడ్డకట్టే బాధ మనకు లంబసింగి లాంటి చోట్ల తప్ప లేదు కదా, కూలెంట్ ఎందుకంటారు. మనకు కావలసింది అందులోని తుప్పు నిరోధకాలు, ఎక్కువ వేడికి గానీ మరగని గుణం. రేడియేటర్ మూత చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.9 కిలోల ఒత్తిడి నిలిపితే మామూలు నీరు 118 డిగ్రీల దాకా మరగదు, సగం కూలెంట్ కలిపితే ఇంకా కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. మన వాతావరణానికి మూడో వంతు కూలెంటు, రెండు వంతులు డిస్టిల్డ్ వాటర్ చాలు. నీటి వాటా ఎక్కువున్నప్పుడు వేడిని మోసే శక్తి కూడా ఎక్కువే. అయితే డబ్బా మీద రాసిన కనీస కూలెంటు వాటా కంటే తగ్గించకూడదు, నిరోధకాలు చాలవు. కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్‌లో మాత్రం చుక్క నీరు కలపొద్దు.

రంగును నమ్మి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీల ఇష్టం. డబ్బా వెనక చదవండి. పాత రకం నిరోధకాలున్నది రెండేళ్లకు మార్చాలి. ఓఏటీ అనే సేంద్రియ ఆమ్లాల రకం ఐదేళ్ల దాకా ఆగుతుంది. ఒకదాని మీద ఒకటి పోస్తే కొన్ని కలయికల్లో జిగురు తయారై సన్నటి దారులు మూసుకుపోతాయి. లోపల ఏముందో తెలియకపోతే పూర్తిగా దించేసి కడిగి కొత్తది పోయడమే మంచిది.

మార్చే విధానం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది, ఇది మరీ మరీ చెబుతున్నాను. హీటర్ ఉన్న బండిలో మీటను వేడి వైపు పెట్టండి. కింద డ్రెయిన్ గానీ కింది హోస్ పైపు గానీ విప్పి దించండి. మామూలు నీరు పోసి, ఇంజన్ నడిపి, దించి, తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి. ఆఖరి రెండు సార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఎంత దించినా బ్లాకులో దాదాపు లీటరు నీరు ఉండిపోతుంది. మొత్తం నాలుగు లీటర్లు పట్టే బండిలో ముందుగానే కలిపిన కూలెంట్ పోస్తే ఆ లీటరుతో కలిసి పల్చబడుతుంది. అందుకని చిక్కటి కూలెంట్ కొని, మొత్తం పట్టే పరిమాణానికి లెక్క కట్టి, దాన్ని ముందు పోసి మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. మూత తీసే ఉంచి ఇంజన్ నడపండి. పై హోస్ పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కు వదిలే కవాటం) తెరుచుకున్నట్టు. బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోసి, మూత బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. చల్లారాక మళ్లీ మట్టం చూడాలి. గాలి ఇరుక్కుంటే వేడి చూపే మీటరు ముల్లు ఒక్కసారిగా పైకెళ్లి కిందకు దిగుతుంటుంది.

రేడియేటర్ మూత రబ్బరు పగిలినా, స్ప్రింగు మెత్తబడినా ఒత్తిడి నిలవదు. చల్లారాక రిజర్వ్ డబ్బాలో నీరు వెనక్కి పీల్చుకోకపోతే, పై హోస్ పైపు నొక్కుకుపోయి కనిపిస్తే తప్పు మూతదే. మార్చేటప్పుడు పాత మూత మీద ఉన్న అంకే ఉన్నది కొనండి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే పాత రేడియేటర్ చిట్లుతుంది.

థర్మోస్టాట్ తీసేయించుకున్న వాళ్లు చేతులెత్తమంటే ఇక్కడే చాలా చేతులు లేస్తాయని నాకు తెలుసు. ఎండలెక్కువ కదా అని తీసేస్తారు. ఇంజన్ 82, 88 డిగ్రీల చుట్టూ నడవడానికి తయారైంది. అది లేకపోతే హైవే మీద ఇంజన్ చల్లగానే నడుస్తుంది. పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, మైలేజీ పడిపోతుంది, చాంబర్‌లో చేరిన నీరు ఎగిరిపోదు, మడ్డి పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీరు రేడియేటర్ గుండా వెళ్లకుండా పక్కదారిన తిరిగి వేడి పెరగవచ్చు కూడా. బండి వేడెక్కుతుంటే రేడియేటర్, ఫ్యాన్ స్విచ్, మూత, వాటర్ పంపు చూడాలి. థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించండి. కొత్తదాన్ని వేయకముందు గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేలాడదీసి, తెరుచుకుంటోందో లేదో చూడండి.

బ్రేక్ ఆయిల్ విషయంలో మనవాళ్లకున్న అశ్రద్ధ నాకు నిజంగా భయం కలిగిస్తుంది. తగ్గితే పోస్తారు, మార్చరు. ఈ ద్రవం రబ్బరు పైపుల గుండా, డబ్బా మూత గుండా గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండేది దీని తరగతి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణాలు 140కి, 155కి దిగిపోతాయి. తిరుమల నుంచి దిగేటప్పుడో, శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు నుంచి శృంగవరపుకోట వైపు వచ్చేటప్పుడో బ్రేకు మీదే కాలుంచి దిగితే క్యాలిపర్లు ఎంత వేడెక్కుతాయో ఆలోచించండి. ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలదాకా పోతుంది, బండి ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. మాన్యువల్ డాట్ 3 అన్న బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దీనితో కలవదు. ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ పొరపాటున ఒక్క మూతెడు పోసినా లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా అన్నీ మార్చాలి.

అర లీటరు డబ్బా ఒకటి చిన్న కారుకు సరిపోతుంది. సీలు తీసి నెలలు దాటిన డబ్బా వాడొద్దు. ముందురోజే, చక్రాల దగ్గర పాత ద్రవాన్ని బయటికి వదిలే నిపుల్స్‌కు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, రింగు పానాయే వాడండి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉన్న నల్లటి ద్రవాన్ని సిరంజితో తీసేసి కొత్తది నింపి, మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగు బండ్లలో అది సాధారణంగా వెనక ఎడమ చక్రం. మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించండి. పెడల్ తొక్కేవాళ్లు ఒకరు, నిపుల్ విప్పేవాళ్లు ఒకరు ఉండాలి. పాత బండిలో పెడల్‌ను నేలదాకా తొక్కనివ్వకండి. మామూలుగా నడిపేటప్పుడు సీళ్లు సిలిండర్‌లో సగం దూరమే తిరుగుతాయి, మిగతా భాగంలో తుప్పూ మడ్డీ పేరుకుని ఉంటాయి. నేలదాకా తొక్కితే సీళ్లు ఆ గరుకు మీదికెళ్లి చిరుగుతాయి. బ్రేకులు బాగున్న బండి ఆయిల్ మార్చాక పాడైందని అనేది చాలాసార్లు ఇందుకే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకుంటే సరి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

గేర్ ఆయిల్ గురించి రెండే మాటలు. డబ్బా మీద జీఎల్-4 అని ఉండాలి. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువ. కొన్ని ఆయిళ్లలో అవి గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను (గేరు సాఫీగా పడేలా చేసే రింగులను) తింటాయి, గేరు పడేటప్పుడు కావలసిన ఘర్షణనూ తగ్గిస్తాయి. రెండోది, కింది డ్రెయిన్ బోల్టు విప్పకముందే పక్కనున్న నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ఆయిలంతా దించేశాక అది ఊడకపోతే బండిని కదపలేరు. చదును మీద, నింపే రంధ్రం అంచుదాకా వచ్చి కారడం మొదలవగానే ఆపాలి.

పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ లోపలి రబ్బర్లు దానికోసం తయారైనవి కావు. మెత్తబడి, పగిలి కారతాయి. ఇంజన్ దగ్గర పెట్రోల్ వాసన వస్తే ఆ రోజు బండి తీయకండి. పైపులు మార్చేటప్పుడు ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నవి అడగండి, కొత్త క్లిప్పులు వేయించండి. పెట్రోల్ ఫిల్టర్ మామూలు కంటే త్వరగా మార్చండి, ఎందుకంటే ఇథనాల్ పాత ట్యాంకు అడుగున ఉన్న మడ్డిని కదుపుతుంది. ఎంపీఎఫ్ఐ బండిలో (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే బండిలో) ఆక్సిజన్ సెన్సర్ ఉంటే మిశ్రమం సర్దుకుంటుంది. కార్బ్యురేటర్ సర్దుకోదు. గాలి ఎక్కువై యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కుంటుతుంది, వేడెక్కుతుంది. తెలిసిన మెకానిక్ చేత ట్యూన్ చేయించాలి. వానాకాలంలో ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచండి. ఖాళీ ట్యాంకు లోపలి గోడల మీద తేమ దిగుతుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్‌ను కలుపుకుని అడుగుకు చేరుతుంది, పంపు పీల్చేది ఆ అడుగు నుంచే.

(సభలో ఒకావిడ: మా ఆల్టో పన్నెండేళ్లది, యాభై వేలే తిరిగింది. టైమింగ్ బెల్ట్ మార్చాలా అండీ?)

మార్చాలమ్మా. అది రబ్బరు, వయసుతో గట్టిపడి పళ్లు ఊడతాయి. మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లు నిండకపోయినా ఐదారేళ్లకోసారి మార్చాలి. అది తెగితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. మార్చేటప్పుడే టెన్షనర్ బేరింగు, క్రాంక్ సీలు, కామ్ సీలు కూడా వేయించండి. ఆయిల్ కారి బెల్టు మీద పడితే కొత్తదైనా ఎక్కువకాలం ఉండదు. మీది కే-సిరీస్ ఆల్టో అయితే అందులో చైను ఉంటుంది, దానికి ఈ పని లేదు. మాన్యువల్‌లో ఇంజన్ రకం చూసుకోండి.

టైర్లకు కూడా వయసే లెక్క. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 1419 అంటే 2019లో 14వ వారం. గీతలు బాగున్నా ఐదారేళ్లు దాటి పక్కగోడలో పగుళ్లు కనిపిస్తే, మన ఎండల్లో హైవే మీదికి ఆ టైర్లతో వెళ్లొద్దు. స్టెప్నీ తేదీ కూడా చూడండి. బ్యాటరీ ఒక రాత్రి ఆగాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ చూపించాలి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే.

దించిన ద్రవాల సంగతి చెప్పి ముగిస్తాను. పాత ఇంజన్ ఆయిల్‌ను కాలువలోనో, ఇంటి వెనక మట్టిలోనో పోయకండి. భూమిలోకి దిగి మనం తాగే బోరు నీటిలోనే కలుస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బా పారేసేముందు రంధ్రం చేయండి, నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ల చేతికి పనికిరాకుండా పోతుంది. కూలెంట్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు, పశువులు నాకుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కొద్దిగా లోపలికి వెళ్లినా మూత్రపిండాలు పాడై చనిపోతాయి. కింద బేసిన్ పెట్టి దించండి, నేల మీద పడినదాన్ని అప్పటికప్పుడు ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తేయండి, పిల్లలకు అందే చోట ఆ డబ్బా పెట్టకండి.